రక్తంలో పాన్-1 తగ్గితే ఎండోమెట్రియోసిస్ ఉన్నట్టా?

అందరికీ నమస్కారం. వెనక వరుసల వాళ్ళకి వినిపిస్తోందా? సరే.

మొదటే ఒక మాట చెప్పేస్తాను. నేను గైనకాలజిస్టుని కాను. మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పిన దాన్ని, ల్యాబ్‌లో ఏళ్ళు గడిపిన దాన్ని. కాబట్టి ఎవరైనా స్కాన్ రిపోర్టులు తెచ్చుకుని ఉంటే దయచేసి బ్యాగులోనే ఉంచండి. ఈ పూట నేను మాట్లాడేది రక్తంలో తిరిగే ఒక ఎంజైమ్ గురించి. పేరు పారాఆక్సోనేజ్-1. ల్యాబ్‌లో అందరం పాన్-1 అంటాం. ఒంట్లోకి చేరిన కొన్ని విషాలని విరగ్గొట్టే ఎంజైమ్ ఇది. ఎండోమెట్రియోసిస్ ఉన్న ఆడవాళ్ళ రక్తంలో దీని పని తగ్గిపోయిందని, జబ్బు దశ ముదిరితే ఇంకా తగ్గిందని 2008లో టర్కీ డాక్టర్లు రాశారు. అయిదేళ్ళ తర్వాత బ్రెజిల్ వాళ్ళు కొలిచి, జబ్బు దశకీ దీనికీ సంబంధమే లేదన్నారు. రెండూ ఈ రంగంలో అందరూ చదివే పత్రికల్లోనే వచ్చాయి. మరి జవాబులు ఇలా ఎదురెదురుగా ఎందుకొచ్చాయి? అది కాస్త తేలితే, రేపు ఎవరైనా "ఒక్క రక్తపరీక్షతో ఎండోమెట్రియోసిస్ చెప్పేస్తాం" అని మీ ఫోన్‌కి మెసేజ్ పంపినప్పుడు ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ముందు జబ్బు సంగతి. నర్సింగ్ అమ్మాయిలకి తెలిసిందే, కానీ తల్లులు కూడా వచ్చారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. గర్భసంచి లోపలి గోడకి ఒక పొర ఉంటుంది. నెలనెలా మందమై, గర్భం నిలవకపోతే ఊడి రక్తంతో పాటు బయటికి పోతుంది. అలాంటి పొరే గర్భసంచి బయట, అంటే అండాశయాల మీద, గర్భసంచి వెనకవైపు, పేగుల మీద, మూత్రాశయం మీద పెరిగితే దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటాం. నెలసరి హార్మోన్ల మాట అదీ వింటుంది. అక్కడా రక్తం కారుతుంది, కాకపోతే బయటికి పోయే దారి ఉండదు. చుట్టూ వాపు వస్తుంది, అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అండాశయంలో పాతరక్తం చేరి ముదురు గోధుమరంగు ద్రవంగా మారితే అది చాక్లెట్ సిస్ట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో సుమారు 10 శాతం మందికి, అంటే 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. నొప్పి మొదలైన దగ్గర్నుంచి జబ్బు పేరు తెలిసే దాకా దేశాన్ని బట్టి 4 నుంచి 12 ఏళ్ళు పడుతోంది.

ఆ ఏళ్ళు ఎలా గడుస్తాయో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. "ఆడపుట్టుక పుట్టాక ఇవన్నీ మామూలే." "పెళ్ళయితే తగ్గిపోతుందిలే." "ఒక కాన్పు అయితే సర్దుకుంటుంది." వాము కషాయం, వేడినీళ్ళ సంచి, ఒక మెఫ్తాల్ మాత్ర, మళ్ళీ కాలేజీకో ఆఫీసుకో సెలవు. పైగా ఈ జబ్బు ఖాయంగా చెప్పాలంటే చాలాకాలం పాటు పొట్టకి రంధ్రం పెట్టి ల్యాప్రోస్కోపీతో చూడాల్సిందే అనేవాళ్ళు. మత్తుమందు, ఆపరేషన్ థియేటర్, ఖర్చు. అందుకే రక్తపరీక్ష కోసం ప్రపంచమంతా ఇంతగా వెతుకుతోంది. ఆ వెతుకులాటలో ఒక దారి పాన్-1 దాకా వచ్చింది.

ఆ దారి ఎక్కడ మొదలైందో చూద్దాం. న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ అనే ఊళ్ళో జాన్ శాంప్సన్ అని ఒక గైనకాలజిస్టు ఉండేవాడు. చాక్లెట్ సిస్టుల గురించి 1921లో రాశాడు. 1927లో ఇంకో పెద్ద వ్యాసంలో ఈ పొర బయటికి ఎలా చేరుతుందో చెప్పాడు. నెలసరి రక్తం కిందికే కాదు, కొంత వెనక్కి కూడా నడుస్తుంది, ఫెలోపియన్ ట్యూబుల గుండా పొత్తికడుపులోకి పడుతుంది, దానితో పాటు వెళ్ళిన పొర ముక్కలు అక్కడ నాటుకుంటాయి అని. ఇప్పటికీ ఎక్కువ మంది ఒప్పుకునే సిద్ధాంతం ఇదే. కానీ 1984లో అమెరికాలో హాల్మే బృందం నెలసరి రోజుల్లో ల్యాప్రోస్కోపీ చేసి చూస్తే, ట్యూబులు తెరిచి ఉన్న ఆడవాళ్ళలో 90 శాతం మందికి పొత్తికడుపు ద్రవంలో రక్తం కనిపించింది. వెనక్కి నడవడం దాదాపు అందరికీ ఉంది. జబ్బు మాత్రం పదిమందిలో ఒకరికే వస్తోంది.

మిగతా తొమ్మిదిమందీ ఎలా తప్పించుకుంటున్నారు? మొత్తం కథ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. వాళ్ళ ఒంట్లో ఆ చెత్తని ఎత్తిపోసే ఏర్పాటు బాగా ఉందా? లేక ఈ ఒక్కరిలో ఆ ఏర్పాటు ఎక్కడో తేడా కొట్టిందా?

ఇక్కడ నా సబ్జెక్టు వస్తుంది కాబట్టి కాస్త ఆగుతాను. పొత్తికడుపులో పడ్డ రక్తంలో ఎర్రకణాలు పగులుతాయి. వాటిలోని హిమోగ్లోబిన్ బయటపడుతుంది. హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది. మనం ఐరన్ మాత్రలు మింగి మరీ తెచ్చుకునే ఆ ఇనుమే కణాల మధ్య విడిగా పడి ఉంటే మహా అల్లరి చేస్తుంది. అక్కడున్న హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్ అనే దాన్ని పుట్టిస్తుంది. కెమిస్ట్రీలో దీన్ని ఫెంటన్ చర్య అంటాం. ఆ రాడికల్ ఎంతోసేపు బతకదు, కానీ బతికిన ఆ కాసేపట్లో పక్కనున్న కొవ్వుల్ని ఆక్సీకరించి పాడు చేస్తుంది. పాడైన కొవ్వు ఇంకో కొవ్వుని పాడు చేస్తుంది. దీన్నంతా కలిపి ఆక్సీకరణ ఒత్తిడి అంటున్నాం. వాపుకీ, అతుకులకీ, నొప్పికీ ఇది ఎరువు పోస్తోందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. చాక్లెట్ సిస్టులో ద్రవం తీసి చూస్తే ఇనుము బోలెడంత ఉంటుంది.

ఇది లోపలి నుంచి వచ్చే విషం. బయటి నుంచి వచ్చే విషాల మీద కూడా అనుమానం ఉంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆడ రీసస్ కోతులకి నాలుగేళ్ళ పాటు మేతలో అతి కొద్ది మోతాదులో డయాక్సిన్ అనే విషరసాయనం పెట్టారు. అది ఆపేసిన పదేళ్ళకి ల్యాప్రోస్కోపీ చేసి చూశారు. 1993లో అచ్చయిన ఫలితాలు ఇవి. ఎక్కువ మోతాదు తిన్న 7 కోతుల్లో 5కి, తక్కువ తిన్న 7లో 3కి, అసలు తినని 6లో 2కి ఎండోమెట్రియోసిస్ ఉంది. ఆ చివరి అంకె మర్చిపోకండి. డయాక్సిన్ తినని కోతుల్లో కూడా మూడో వంతుకి జబ్బు ఉంది. ఈ ప్రయోగాన్ని చాలామంది సగమే చెబుతారు. ఇటలీలో సెవెసో ఊరి దగ్గర 1976లో ఫ్యాక్టరీ నుంచి డయాక్సిన్ మేఘం లేచింది కదా, అక్కడి ఆడవాళ్ళని పరీక్షించి 2002లో రాసిన వ్యాసంలో ముప్పు రెండింతలు కనిపించింది కానీ, ఆ తేడా యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పేంత బలం అంకెల్లో లేదు. మన హైదరాబాద్‌లో కూడా పని జరిగింది. ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి కలిపే థాలేట్లు ఎండోమెట్రియోసిస్ ఉన్న ఆడవాళ్ళ రక్తంలో ఎక్కువగా ఉన్నాయని 2006లో ఇక్కడి పరిశోధకులు అంతర్జాతీయ పత్రికల్లో రాశారు.

అలా "విషం" అనే ఆలోచన వచ్చాక, విషాన్ని కడిగే ఎంజైమ్‌ల మీదికి చూపు మళ్ళడం సహజమే. మొదట గ్లూటాథయోన్ ఎస్-ట్రాన్స్‌ఫరేజ్‌లని పట్టుకున్నారు. ఆ కుటుంబంలో జీఎస్‌టీఎం1 అనే జన్యువు యూరప్ వాళ్ళలో దాదాపు సగం మందికి అసలే ఉండదు. అది లేనివాళ్ళకి ఎండోమెట్రియోసిస్ ఎక్కువని 1990ల చివర్లో ఫ్రాన్స్ నుంచి, రష్యా నుంచి వ్యాసాలు వచ్చాయి. తర్వాత బ్రిటన్‌లో చూస్తే ఆ సంబంధం కనబడలేదు. ఈ జబ్బు పరిశోధనలో ఈ వరస అలవాటైపోయింది. మొదటి వ్యాసం ఊరిస్తుంది, మూడో వ్యాసం ఉసూరుమనిపిస్తుంది.

ఇక మన పాన్-1.

పురుగుమందులతో దీనికి పుట్టుకతోనే బంధం ఉంది. పారాథియాన్ అనే పురుగుమందు ఒంట్లోకి పోయాక లివర్ దాన్ని పారాక్సాన్‌గా మారుస్తుంది, అసలు విషం అదే. ఈ జాతి విషాలని విరగ్గొట్టే ఎంజైమ్ జంతువుల ఒంట్లో ఉందని 1946లో మజూర్ చూపించాడు. 1953లో ఆల్డ్రిడ్జ్ దాన్ని వర్గీకరించాడు. మన పత్తి చేలల్లో కొట్టే క్లోర్‌పైరిఫాస్ కూడా ఇదే కుటుంబం. లివర్‌లో అది క్లోర్‌పైరిఫాస్ ఆక్సాన్‌గా మారితే పాన్-1 దాన్ని ముక్కలు చేస్తుంది. 1998లో ఈ జన్యువు తీసేసిన ఎలుకల్ని తయారు చేస్తే, మామూలు ఎలుకలు తట్టుకునే మోతాదుకి అవి విలవిల్లాడాయి. పక్షుల్లో ఈ ఎంజైమ్ దాదాపు ఉండదు. మందు కొట్టిన చేలో పిట్టలు రాలిపోవడానికి అదొక కారణం. పుట్టిన పిల్లల్లో కూడా తక్కువే ఉంటుంది, ఒకటి రెండేళ్ళకి గానీ పెద్దవాళ్ళ స్థాయికి రాదు. అందుకే చంటిపిల్లల తల్లి పురుగుమందు కొట్టినప్పుడు వేసుకున్న బట్టలతో బిడ్డని ఎత్తుకోవద్దని మా విద్యార్థులకి ఎప్పుడూ చెప్పేదాన్ని. ఇది ఎండోమెట్రియోసిస్‌కి సంబంధించింది కాదు, అయినా మన ఊళ్ళకి పనికొస్తుందని చెప్పాను.

అయితే మనిషి ఒంట్లో ఈ ఎంజైమ్ పురుగుమందుల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు కదా. పురుగుమందులు వచ్చింది నిన్న మొన్న. పాన్-1 లివర్‌లో తయారై, రక్తంలో హెచ్‌డీఎల్‌ని, అదే మనం మంచి కొలెస్ట్రాల్ అంటామే, దాన్ని అంటిపెట్టుకుని తిరుగుతుంది. ఎల్‌డీఎల్, అదే చెడ్డ కొలెస్ట్రాల్ అంటామే, ఆ కొవ్వు ఆక్సీకరణతో పాడవకుండా ఇది కాపాడుతుందని 1991లో మాంచెస్టర్ నుంచి మాక్‌నెస్ బృందం రాసింది. అప్పటిదాకా విషవైద్యం వాళ్ళ చేతుల్లో ఉన్న ఎంజైమ్ గుండెజబ్బుల వాళ్ళ చేతికి వచ్చింది. ఎండోమెట్రియోసిస్‌లో కొవ్వులు పాడవుతున్నాయి అన్నాం, కొవ్వులు పాడవకుండా చూసే ఎంజైమ్ ఇదిగో ఉంది. రెండూ కలిపి చూద్దాం అనిపించడంలో వింతేమీ లేదు.

టర్కీలో షాన్లీఉర్ఫాలో హర్రాన్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ వెరిట్, ఎరెల్, చెలిక్ ఆ పని చేశారు. 2008లో హ్యూమన్ రీప్రొడక్షన్ పత్రికలో వచ్చింది. జబ్బు ఉన్నవాళ్ళలో పాన్-1 పని తగ్గింది. జబ్బు దశ ముదిరినవాళ్ళలో ఇంకా తగ్గింది. కొవ్వుల ఆక్సీకరణ గుర్తులు పెరిగాయి, హెచ్‌డీఎల్ తగ్గింది. చదివితే అన్నీ ఒకదానికొకటి అతికినట్టు ఉంటాయి. మెట్టు మెట్టుకీ తగ్గుతూ పోయే అంకె కనబడిందంటే పరిశోధకులకి పండగే. దశని బట్టి తగ్గుతోందంటే రక్తంతోనే దశ కూడా చెప్పొచ్చేమో అనే ఆశ పుడుతుంది.

2013లో బ్రెజిల్‌లో సావో పాలో పక్కన శాంతో ఆంద్రే ఊళ్ళోని మెడికల్ కాలేజీ వాళ్ళు రిప్రొడక్టివ్ హెల్త్ పత్రికలో తమ వ్యాసం వేశారు. శీర్షికలోనే చెప్పేశారు, పాన్-1 పనికీ జబ్బు దశకీ సంబంధం లేదని. "సంబంధం లేదు" అన్న ఫలితాన్ని అచ్చు వేయించుకోవడం అంత తేలిక కాదు. ఆ పని చేసినందుకు నాకు వాళ్ళంటే గౌరవం.

సరే, తేడా ఎక్కడుంది? ఆ రెండు వ్యాసాల మీద తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఈ ఎంజైమ్‌ని కొలిచేటప్పుడు ఎక్కడెక్కడ కాలు జారుతుందో ల్యాబ్ మనిషిగా చెబుతాను.

కొలిచే పద్ధతి చూడండి. రక్తం గడ్డకట్టాక పైన తేలే సీరం అనే ద్రవంలో కాస్త తీసుకుని, కాల్షియం కలిపిన బఫర్‌లో పోసి, పారాక్సాన్ వేస్తాం. ఎంజైమ్ దాన్ని విరిస్తే పారా-నైట్రోఫినాల్ పుడుతుంది, అది పసుపు రంగు. కువెట్ అనే చిన్న గొట్టంలో ఆ పసుపు ఎంత వేగంగా చిక్కబడుతోందో 412 నానోమీటర్ల దగ్గర యంత్రం చదువుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అయితే పారాక్సానే పెద్ద విషం కాబట్టి గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ లేకుండా ముట్టుకోకూడదు. ఇప్పుడు ప్రమాదం లేని వేరే పదార్థాలతో కూడా కొలుస్తున్నారు. అసలు చిక్కు ఇంకా ముందే, రక్తం తీసేటప్పుడే మొదలవుతుంది. పాన్-1 పనిచేయాలంటే కాల్షియం ఉండాలి. మీకు తెలుసు, ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా కాల్షియంని పట్టేస్తుంది. ఆ ట్యూబులో తీసిన రక్తంతో ఈ పరీక్ష చేస్తే పసుపు రాదు. మనిషికి ఎంజైమ్ దండిగా ఉన్నా రిపోర్టులో "తక్కువ" అని వస్తుంది. ఎర్రమూత ట్యూబులో సీరం గానీ, ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు గానీ వాడాలి. హిమోగ్లోబిన్‌కి తీసిన రక్తం మిగిలింది కదా అని అందులోంచే చేసేస్తే అంతే సంగతులు. ల్యాబ్ టెక్నీషియన్ అమ్మాయిలూ, ఈ ముక్క రాసుకోండి.

రెండోది, పుట్టుకతో వచ్చే తేడా. పాన్-1 ప్రొటీన్‌లో 192వ స్థానంలో కొందరికి గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, కొందరికి ఆర్జినిన్ అనేది. ఆర్జినిన్ ఉన్నవాళ్ళ ఎంజైమ్ పారాక్సాన్‌ని కొన్ని రెట్లు వేగంగా విరుస్తుంది. ఇది కాక, ఎంజైమ్ ఎంత తయారవ్వాలో తేల్చే జన్యుభాగంలో కూడా మనిషి మనిషికీ తేడాలున్నాయి. అన్నీ కలిపి చూస్తే ఆరోగ్యంగా ఉన్న ఇద్దరి మధ్యే ఈ పరీక్షలో 40 రెట్ల దాకా తేడా ఉండొచ్చు. హిమోగ్లోబిన్ ఒకరికి 12, ఇంకొకరికి 14 ఉంటుంది. నలభై రెట్ల తేడా ఉన్న అంకె మీద జబ్బు వల్ల వచ్చే తేడాని వెతకాలంటే చాలా పెద్ద గుంపు కావాలి. పైగా ఆర్జినిన్ రకం జపాన్ వాళ్ళలో ఎక్కువ, యూరప్ వాళ్ళలో తక్కువ. బ్రెజిల్ జనాభాలో ఆఫ్రికా, యూరప్, అక్కడి ఆదివాసుల వారసత్వం కలగలిసి ఉంటుంది. ఒక దేశంలో దొరికిన అంకెని తెచ్చి ఇంకో దేశంలో కొలబద్దగా పెట్టలేం.

మూడోది అలవాట్లు. సిగరెట్ దీన్ని తగ్గిస్తుంది. కొలెస్ట్రాల్‌కి వేసుకునే స్టాటిన్ మాత్రలు పెంచుతాయి. లివర్ జబ్బు ఉంటే తగ్గుతుంది. హెచ్‌డీఎల్ తక్కువున్న వాళ్ళలో దాన్ని అంటిపెట్టుకునే పాన్-1 కూడా తగ్గే అవకాశం ఉంది. మన ఆడవాళ్ళలో హెచ్‌డీఎల్ తక్కువ ఉండడం ఎంత మామూలో మాస్టర్ హెల్త్ చెకప్ రిపోర్టులు చూసిన ఎవరికైనా తెలుసు. కాబట్టి తగ్గిన పాన్-1 వెనక ఎండోమెట్రియోసిస్ ఉందో, హెచ్‌డీఎల్ ఉందో విడదీయాలి.

నాలుగోది, పోల్చింది ఎవరితో అన్న ప్రశ్న. పిల్లలు కలగక ఆస్పత్రికి వచ్చినవాళ్ళని, పిల్లలున్న ఆరోగ్యవంతులతో పోలిస్తే ఒక జవాబు వస్తుంది. నొప్పితో వచ్చి, ల్యాప్రోస్కోపీలో ఏమీ కనబడని వాళ్ళతో పోలిస్తే ఇంకో జవాబు రావచ్చు. ఇక్కడ దశ అనే మాట కూడా జాగ్రత్తగా వాడాలి. ఒకటి నుంచి నాలుగు దాకా ఇచ్చే ఆ దశలు డాక్టరు ల్యాప్రోస్కోపీలో చూసిన మచ్చలకీ అతుకులకీ వేసిన మార్కులు. ఒకటో దశలో ఉన్న అమ్మాయి నొప్పితో నేల మీద దొర్లుతుంది, నాలుగో దశలో ఉన్నావిడకి పిల్లలు కలగడం లేదని వచ్చేదాకా ఏ బాధా తెలియకపోవచ్చు. మార్కులకీ నొప్పికే పొంతన లేనప్పుడు, మార్కులకీ రక్తంలో ఎంజైమ్‌కీ పొంతన ఉండి తీరాలని ఎలా అనుకుంటాం?

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. పాన్-1 తగ్గడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల పాన్-1 తగ్గిందా? ఆక్సీకరించిన కొవ్వులు పాన్-1ని పనిచేయకుండా చేస్తాయని ల్యాబ్‌లో రుజువైంది. ఒంట్లో వాపు ఉంటే లివర్ దీని తయారీని తగ్గిస్తుంది. ఈ రెండు కారణాలతోనే, జబ్బు మొదలయ్యాక ఎంజైమ్ తగ్గి ఉండొచ్చు. అప్పుడు అది పొగ మాత్రమే, నిప్పు కాదు. రక్తం ఒక్కసారి తీసి కొలిచే అధ్యయనంలో ఏది ముందు ఏది వెనక అన్నది తెలియదు. పైగా గొడవ జరుగుతున్నది పొత్తికడుపులో, మనం కొలుస్తున్నది చేతి నరంలో రక్తాన్ని.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వస్తాను. టర్కీ వాళ్ళదే నూటికి నూరుపాళ్ళు నిజం అనుకుందాం. జబ్బు ఉన్నవాళ్ళ సగటు, లేనివాళ్ళ సగటు కన్నా తక్కువ. అంతమాత్రాన నా రక్తం చూసి నాకు జబ్బు ఉందని చెప్పగలరా? ఆడవాళ్ళ సగటు ఎత్తు మగవాళ్ళ సగటు కన్నా తక్కువే. అయిదడుగుల అయిదంగుళాల మనిషి అని చెప్పి ఆడో మగో చెప్పమంటే ఏం చెబుతారు? ఇదీ అంతే, రెండు గుంపుల అంకెలూ చాలా మటుకు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి.

లెక్క వేసి చూద్దాం. ఇది నేను ఊహించి చెబుతున్న లెక్క, ఏ అధ్యయనంలోదీ కాదు. వెయ్యిమంది ఆడవాళ్ళని తీసుకోండి, వాళ్ళలో 100 మందికి జబ్బు ఉంది. మన దగ్గర ఒక రక్తపరీక్ష ఉంది, జబ్బు ఉన్నవాళ్ళలో 80 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివాళ్ళలో 80 శాతం మందిని లేదని సరిగ్గా చెబుతుంది. బాగానే ఉందే అనిపిస్తుంది కదా. జబ్బు ఉన్న 100 మందిలో 80 మంది దొరికారు. జబ్బు లేని 900 మందిలో 20 శాతం, అంటే 180 మందికి తప్పుగా "ఉంది" అని వచ్చింది. మొత్తం 260 మంది రిపోర్టు పట్టుకుని భయపడుతూ వస్తారు, వాళ్ళలో నిజంగా జబ్బు ఉన్నది 80 మందికే. మూడో వంతు కూడా లేదు. జబ్బు ఉన్న మిగతా 20 మందికి "నీకేమీ లేదమ్మా" అని చెప్పి పంపేశాం. నన్నడిగితే ఆ 20 మందికి జరిగిందే పెద్ద అన్యాయం. ఇంట్లో వాళ్ళు అన్న మాటకి ఇప్పుడు ల్యాబ్ ముద్ర కూడా పడింది.

2016లో, వైద్య అధ్యయనాలని పోగుచేసి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ ఇలాంటి రక్తపరీక్షలన్నిటినీ కలిపి పరిశీలించింది. 141 అధ్యయనాలు, 15 వేల పైచిలుకు ఆడవాళ్ళు, 122 రకాల రక్త గుర్తులు. వాటిలో ఆస్పత్రిలో వాడుకోదగ్గది ఒక్కటీ తేలలేదు. మీలో చాలామందికి రాసే సీఏ-125 కూడా అంతే. నెలసరిలో పెరుగుతుంది, గర్భంలో పెరుగుతుంది, ఫైబ్రాయిడ్లుంటే పెరుగుతుంది, ఎండోమెట్రియోసిస్ ఉన్నా చాలామందిలో మామూలుగానే ఉంటుంది. యూరప్ సంతాన సాఫల్య వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ జబ్బు తేల్చడానికి రక్త గుర్తులు వాడొద్దనే చెప్పింది. ఫ్రాన్స్‌లో లాలాజలంలో 109 మైక్రో ఆర్‌ఎన్‌ఏలని, అంటే జన్యువుల పనిని అదుపు చేసే చిన్న అణువులని, చూసే పరీక్ష ఒకటి బయటికొచ్చింది, దాని సంగతి ఇంకా చూడాలి.

మరి పాన్-1ని మూట కట్టి అటక మీద పడేద్దామా అంటే, నేనొప్పుకోను. పరీక్షగా పనికిరానిది జబ్బుని అర్థం చేసుకోవడానికి పనికిరాదని ఏమీ లేదు. అమెరికాలో లక్షమందికి పైగా నర్సుల్ని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం ఉంది. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్ళలో గుండె రక్తనాళాల జబ్బు ముప్పు 1.62 రెట్లు ఉందని 2016లో అందులోంచి తేలింది. దానిలో కొంత భాగం చిన్న వయసులో గర్భసంచి, అండాశయాలు తీసేయడం వల్లేనని కూడా వాళ్ళే రాశారు. మన జిల్లాల్లో ముప్పై అయిదేళ్ళు దాటకుండానే గర్భసంచి ఆపరేషన్లు ఎంత విరివిగా జరిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. హెచ్‌డీఎల్, పాన్-1, పాడైన కొవ్వులు, ఈ మూడూ గుండెకి కూడా సంబంధించినవే. నేను పరిశోధన విద్యార్థినైతే ఎండోమెట్రియోసిస్ ఉన్న ఆడవాళ్ళ పాన్-1ని జబ్బు తేల్చడానికి కొలవను. జన్యురకం కూడా కలిపి చూస్తూ, పదేళ్ళ పాటు వాళ్ళ గుండెని గమనించడానికి కొలుస్తాను.

ఇక చీటీల మీద వచ్చిన ప్రశ్నలు.

"దానిమ్మ రసం తాగితే పాన్-1 పెరుగుతుందట కదా మేడమ్?" ఇజ్రాయెల్‌లో అవిరామ్ బృందం 2000లో అలాగే రాసింది. కాకపోతే అది ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది మగవాళ్ళ మీద చేసిన ప్రయోగం. ఎండోమెట్రియోసిస్‌ నొప్పి తగ్గుతుందని అందులో ఎక్కడా లేదు. దానిమ్మ తినండి, మంచిదే, గింజలు నమిలి తినండి. మందు మాత్రం మానకండి.

"డీటాక్స్ ప్యాకేజీలు పనికొస్తాయా?" ఒంట్లో విషాలు కడిగే పని లివర్, కిడ్నీలు జీతం లేకుండా చేస్తున్నాయి. మూడువేలు పోసి కొనే ఆకుపచ్చ పొడి పాన్-1ని పెంచి పొత్తికడుపులో అతుకుల్ని కరిగిస్తుందని ఎవరైనా చెబితే, ఏ పత్రికలో వచ్చిందో చూపించమనండి. సిగరెట్ పొగకి దూరంగా ఉండండి, ఇంట్లో మగవాళ్ళు తాగేది కూడా లెక్కలోకే వస్తుంది.

ఆఖరిది ఒక తల్లి రాశారు. "మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. నెలకి మూడు రోజులు కాలేజీ మానేస్తోంది. రక్తపరీక్ష చేయించమంటారా?" అమ్మా, హిమోగ్లోబిన్ చేయించండి, రక్తం తక్కువుందేమో తెలుస్తుంది. ఎండోమెట్రియోసిస్ కోసం మాత్రం రక్తపరీక్షకి డబ్బు పెట్టకండి. ఒక నోటుబుక్కులో ఏ తారీఖున నొప్పి మొదలైంది, ఎన్ని మాత్రలు వేసుకుంది, విరేచనానికి వెళ్ళేటప్పుడు నొప్పి ఉందా, కాలేజీ ఎన్ని రోజులు పోయింది అని రెండు మూడు నెలలు రాయించి, గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. పెళ్ళికాని పిల్లకి పొట్ట మీద నుంచి కూడా స్కాన్ చేస్తారు, అవసరమైతే ఎమ్మారై రాస్తారు. ఆ 2022 మార్గదర్శకాల ప్రకారం ఆపరేషన్ చేసి చూడకుండానే మందు మొదలుపెట్టొచ్చు. హార్మోన్ మాత్రలు రాస్తే "గర్భం రాకుండా వేసుకునే మాత్రలు మా పిల్లకెందుకు" అని కంగారు పడకండి. ఇక్కడ వాటి పని ఆ పొరని పెరగనీయకుండా ఉంచడం. అనుమానాలుంటే ఆ డాక్టరునే అడగండి. స్కాన్ నార్మల్ అని వస్తే ఇంక ఏమీ లేదనుకుని ఊరుకోవద్దు. పైపైన ఉండే మచ్చలు స్కాన్‌లో కనబడవు. స్కాన్ బాగానే ఉన్నా నొప్పి తగ్గకపోతే ఆ మాట డాక్టరు దగ్గర మీరే ఎత్తండి, లేదా ఇంకో డాక్టరుకి చూపించండి.